ఓడిపోని ప్రభుత్వం మీద అధ్యయనం

సుస్థిర పరిపాలనా అధ్యయన సంస్థలో ఒక నియమం ఉంది. ఏ అధ్యయనానికి బయల్దేరేవాళ్ళైనా సరే, అక్కడికి వెళ్ళాక ఏం తెలుసుకోబోతున్నారో ముందే రాసిచ్చి, దానికి మంత్రివర్గం ఆమోదం పొంది, ఆ తర్వాతే పెట్టె సర్దుకోవాలి.

వినడానికి విడ్డూరంగా ఉన్నా ఈ నియమం ఊరికే పుట్టలేదు. వెనకటికి ఒక బృందం పారిశుద్ధ్యం మీద అధ్యయనానికి ఏదో దేశం వెళ్ళొచ్చి, "సదరు దేశంలో చెత్త కనిపించనందున చెత్త నిర్వహణను పరిశీలించే అవకాశం కలుగలేదు" అని ఒక్క వాక్యంలో నివేదిక ఇచ్చింది. ఆడిట్ వాళ్ళు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఏమీ తేలని యాత్రకు ప్రజాధనం ఎలా ఖర్చుపెట్టారని నిలదీశారు. పైవాళ్ళు బాగా ఆలోచించి, తేలాల్సినదేదో ముందే తేల్చుకుని వెళ్తే ఈ బాధ ఉండదని నిర్ణయించారు. తిరిగొచ్చాక ఇచ్చే నివేదిక ఆమోదిత ఫలితాలతో పొల్లుపోకుండా సరిపోవాలి. సరిపోకపోతే యాత్ర జరగనట్టు లెక్క. వెళ్ళినవాళ్ళు చెప్పకుండా ఉద్యోగం ఎగ్గొట్టినట్టు లెక్క.

ఇలాంటి ముందస్తు ఫలితాలు రాయడంలో డిప్యూటీ డైరెక్టర్ గొర్రెపాటి మార్కండేయులుది అందెవేసిన చెయ్యి. కుర్చీలోంచి లేవకుండానే ఆయన జపాన్ వరిపొలాల్లో తిరిగాడు, నార్వే సముద్రంలో చేపలు పట్టాడు. ఆయన రాసినవన్నీ అక్షరాలా నిజమేనని వెళ్ళొచ్చినవాళ్ళందరూ సంతకాలు పెట్టారు. ఆయన మాత్రం జిల్లా దాటడమే తక్కువ. భార్య సత్యవేణికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. పొద్దున్నే ఆవిణ్ణి మిషన్ దగ్గర పడుకోబెట్టి ఆఫీసుకొస్తాడు, మధ్యాహ్నం వెళ్ళి ఇంటికి తీసుకెళ్తాడు. ఆసుపత్రికీ ఆఫీసుకీ మధ్య ఒక్క వీధే దూరం. ఆ ఒక్క వీధి కోసమే ఆయన రెండు ప్రమోషన్లు వదులుకున్నాడు, ఎవరేమన్నా తలవంచుకుని ఊరుకున్నాడు.

రాష్ట్రంలో అప్పటికి ఒకే ప్రభుత్వం వరసగా మూడుసార్లు గెలిచింది. నాలుగోసారి గెలుస్తామా అన్న అనుమానం దానికి లేదు. కాకపోతే ఎందుకు గెలుస్తామో శాస్త్రీయంగా తెలిస్తే బావుంటుందని ముచ్చటపడింది. "ఎన్నికలు జరుపుతూనే ఓడిపోకుండా ఉండుట ఎట్లు" అనే అంశం సంస్థ డైరెక్టర్ డాక్టర్ తురగా విజయసారథి గారి బల్ల మీదికొచ్చింది. ఆయన ప్రపంచపటం ముందు పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఒకే ప్రభుత్వం గెలుస్తున్న దేశాలన్నీ రాసి, తాము ఇదివరకే చూసేసినవి కొట్టేశారు. హంగేరీ మిగిలింది.

మార్కండేయులు ఆ దేశం గురించి దొరికినంతవరకు చదివి ఫలితాలు రాశాడు. మొట్టమొదటిది, ఆ ప్రభుత్వం ఓడిపోదు. మిగతావి దానికి కారణాలు: గోడగోడకీ ఒక శత్రువు బొమ్మ ఉంటుంది, ఆ శత్రువును అప్పుడప్పుడు మారుస్తుంటారు, ఇలాంటివి. ఆరు రాసేసరికి డైరెక్టర్ గారు బేసి సంఖ్య అయితే శుభమన్నారు. ఆ పూట మార్కండేయులు నెత్తిమీద ఫ్యాను పాడైంది. బాగుచేయించమని ఎన్నిసార్లు రాసినా ఎవరూ రాలేదు. ఒళ్ళుమండి ఏడోది రాసిపారేశాడు: "సదరు దేశంలో మరమ్మతులు చేయరు. ఒకచోట మరమ్మతు చేసినచో చేయని చోట్లు ప్రజలకు జ్ఞాపకం వచ్చును. కావున మరమ్మతు సుస్థిరతకు హానికరం."

డైరెక్టర్ గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఇందులో లోతుందయ్యా" అన్నారు.

ఆ ఫైలు ఆమోదం పొందడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ దేశానికి సముద్రం లేదు కదా, సముద్రం లేనిచోటి సుస్థిరత మన తీరప్రాంతానికి ఎలా వర్తిస్తుందని ఆర్థికశాఖ అడిగింది. "ఓడిపోదు" అనే మాటకు నిర్వచనం పంపమని న్యాయశాఖ కోరింది. అన్నీ దాటుకుని మంజూరయ్యేసరికి ఆర్థిక సంవత్సరం ఆఖరైంది. ఆలస్యమైతే నిధులు మురిగిపోతాయని దొరికిన తేదీకి టికెట్లు కొనేశారు. విమానం దిగే ఆదివారమే ఆ దేశంలో పోలింగ్ రోజని టికెట్లు కొన్నవాళ్ళకు తెలియదు. తెలిసినా ఆమోదిత ఫలితాల్లో ఆ సంగతి లేదు కాబట్టి పట్టించుకునేవాళ్ళు కాదు.

మార్కండేయులు తాను రాలేనని బతిమాలుకున్నాడు. "అక్కడ మనం ఏం చూడాలో మీకొక్కరికే తెలుసు. నేను ఒంటరిగా వెళ్తే చూడకూడనివి చూసేస్తానేమో" అన్నారు డైరెక్టర్ గారు. సత్యవేణి చెల్లెలు వచ్చి వారం రోజులు ఉంటానంది. అలా ఆయన మొదటిసారి, తాను రాసిన దేశాల్లో ఒకదాన్ని కళ్ళతో చూడ్డానికి బయల్దేరాడు.

బుడాపెస్ట్‌లో వాళ్ళకు దుబాసీగా జైబున్నీసా దొరికింది. గుంటూరమ్మాయి. ఫార్మసీ చదువుకని వచ్చి అక్కడే మందుల షాపులో కుదురుకుంది. మార్కండేయులుది పొన్నూరు దగ్గరని తెలియగానే, "అయితే మన పక్కేనంటగా బాబాయ్ గారూ!" అని బాబాయిని చేసేసుకుంది.

"ముందుగా ప్రభుత్వ సుస్థిరతను ప్రత్యక్షంగా పరిశీలించాలి. కార్యక్రమంలో మొదటి అంశం అదే" అన్నారు డైరెక్టర్ గారు.

"ఇవాళైతే ఊరంతా ఓట్లేసే పన్లో ఉందండీ. అదే చూడండి మరి" అంది జైబున్నీసా, వాళ్ళను ఒక బడి దగ్గరికి తీసుకెళ్ళి.

బడి ముందు వరస వీధి మలుపు దాటిపోయింది. కర్ర పట్టుకున్న ముసలాళ్ళు, చంకన పిల్లలున్న తల్లులు, తెల్లవారుజామునే వచ్చి నిలబడిపోయిన కుర్రాళ్ళు. వరస చూడగానే డైరెక్టర్ గారి ముఖం వికసించింది. "చూశారా, ప్రభుత్వం మీద జనానికి ఎంత ప్రేమో! రాసుకోండి" అన్నారు. మార్కండేయులుకు వాళ్ళ ముఖాల్లో ప్రేమ కనబడలేదు. రేషన్ దుకాణం ముందు సరుకు అయిపోయిందని చెప్పినా కదలని మనుషుల ముఖాలు అలాగే ఉంటాయి. ఆయన జైబున్నీసా చేత ఒకావిణ్ణి పలకరింపజేశాడు. మార్గిట్ అని, రిటైరైన టీచరమ్మ. ఇన్నాళ్ళూ ఎవరికి వేశారు, ఇప్పుడెవరికి వేస్తారు అని అడిగించాడు.

ఆవిడ చెప్పిందంతా విని జైబున్నీసా నవ్వు ఆపుకుంటూ తెలుగులో చెప్పింది. "ఇన్నాళ్ళూ వాళ్ళకే ఏసిందంట బాబాయ్ గారూ. ఈళ్ళ వీధి చివర బస్సు షెల్టరుందంట. దాని పైకప్పు కారతాందంట. ఆ షెల్టరు గోడకేమో ఎప్పుడూ ఎవరో ఒక శత్రువు బొమ్మ. ఇన్నేళ్ళలో శత్రువుని నాలుగైదుసార్లు మార్చారంట గానీ పైకప్పు ఒక్కసారి మార్చలేదంట. ఇంక ఇయ్యాళ ఈవిడే మారతదంట."

మార్కండేయులు గతుక్కుమన్నాడు. ఆయన రాసిన ఏడో ఫలితం అక్షరాలా నిజమే. ఆ దేశంలో మరమ్మతులు చేయడం లేదు. మిగిలింది మొదటి ఫలితం సంగతే.

అదీ రాత్రికి తేలింది. పోలింగ్ ముగిసిన రెండు గంటలకల్లా వీధుల్లో కార్ల హారన్లు మొదలయ్యాయి. నది ఒడ్డుకు జనం జెండాలు పట్టుకుని పరుగులు తీశారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుని ఏడుస్తున్నారు. డైరెక్టర్ గారు హోటల్ గదిలో చపాతీలకు ఆవకాయ నంజుకుంటూ కిటికీలోంచి చూసి, "ఏమిటీ గోల?" అన్నారు.

"ప్రభుత్వం ఓడిపోయిందండీ" అంది జైబున్నీసా.

"ఏ ప్రభుత్వం?"

"మీరు చూడ్డానికొచ్చిందేనండీ. పదహారేళ్ళ తర్వాత దిగిపోతాంది. అప్పుడే పెద్దాయన అవతలాయనకి ఫోన్ చేసి శుభాకాంక్షలు కూడా చెప్పాడంట."

డైరెక్టర్ గారి చేతిలోని చపాతీ ముక్క జారిపోయింది. "అధికారంలో ఉన్నవాడు తనంతట తానే ఫోన్ చేసి ఓడిపోయానని చెప్పాడా? ఎవరి అనుమతితో?" అన్నారు. మార్కండేయులు వైపు తిరిగి, "కిటికీ వేసెయ్యండి" అన్నారు.

మర్నాడు ఒక మంత్రిత్వ శాఖలో వాళ్ళకు అపాయింట్‌మెంట్ ఉంది. రద్దయి ఉంటుందని జైబున్నీసా ఎంత చెప్పినా డైరెక్టర్ గారు వినలేదు. ఆశ్చర్యం ఏమంటే అది రద్దు కాలేదు. బోడ్నార్ అనే ఉపకార్యదర్శి టై కట్టుకుని, అతిథుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కారిడార్ పొడుగునా మనుషులు అట్టపెట్టెలు మోస్తున్నారు. గోడల మీద పటాలుండిన చోట తెల్లటి చతురస్రాలు మిగిలాయి. బోడ్నార్ తెర మీద మొదటి స్లైడ్ వేశాడు. "మేము ఎందుకు ఓడిపోము: సమగ్ర విశ్లేషణ."

"గౌరవనీయ అతిథులకు నేనొక విషయం స్పష్టం చేయదలచాను" అన్నాడాయన. "ఈ ప్రసంగానికి గత నెల పై స్థాయి ఆమోదం లభించింది. సవరించే అధికారం నాకు లేదు. కనుక ఉన్నదున్నట్టుగా వినిపిస్తాను."

అన్నట్టే మొత్తం వర్తమానకాలంలో చదివాడు. పదకొండో స్లైడ్ దగ్గర ఇద్దరు కూలీలు వచ్చి ప్రొజెక్టర్ పట్టుకుపోయారు. ఆయన తడబడకుండా మిగతాది కాగితం చూసి పూర్తిచేశాడు. ఆఖర్న డైరెక్టర్ గారు లేచి చప్పట్లు కొట్టారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ చాలాసేపు చేతులు పట్టుకుని విడిచిపెట్టలేదు. బయటికి వస్తుంటే బోడ్నార్ జైబున్నీసాను పక్కకు పిలిచి ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మార్కండేయులు.

"మీ సంస్థలో ఖాళీలేమన్నా ఉన్నయ్యా అంటన్నాడు."

తిరిగొచ్చిన రోజే డైరెక్టర్ గారు మార్కండేయులును గదిలోకి పిలిచి తలుపేయించారు.

"మనం చూసినదానికీ ఆమోదిత ఫలితాలకీ తేడా వచ్చింది. అక్కడ జరిగినదేదో మన మంత్రివర్గం ఆమోదం లేకుండా జరిగింది. కాబట్టి దాన్ని మన నివేదికలో పరిగణించడానికి వీల్లేదు" అన్నారు.

"కానీ సార్, ప్రపంచమంతా పేపర్లలో చదివింది కదా."

"పేపరు వేరు, ఫైలు వేరు. 'ప్రభుత్వం ఓడిపోలేదు. గెలుపును ప్రస్తుతానికి వాయిదా వేసుకున్నది' అని రాయండి. సుస్థిరతలో అదొక ఉన్నత దశ. మీకు ఇష్టం లేకపోతే బలవంతం లేదు. మంగళకోటలో మన ప్రాంతీయ కేంద్రం ఖాళీగా ఉంది. బోర్డు మాత్రమే ఉంది, దాని కింద కూర్చోవడానికి ఎవరూ లేరు."

మంగళకోట బస్సులో మూడు గంటల ప్రయాణం. మార్కండేయులు కళ్ళముందు ఆసుపత్రికీ ఆఫీసుకీ మధ్య ఉన్న ఆ ఒక్క వీధి కదిలింది.  సంతకం పెట్టేశాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర సత్యవేణి, "హంగేరీలో ఏం చూశారు?" అని అడిగింది.

"నేను రాసిందే చూశాను" అన్నాడు.

"మరి అలా ఉన్నారేం?"

ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

నివేదిక చూసి ప్రభుత్వం ఉబ్బితబ్బిబ్బయింది. ఏడు ఫలితాలనూ వెంటనే అమల్లో పెట్టమంది. ఊరంతా కొత్త హోర్డింగులు లేచాయి. ఎవరిని శత్రువుగా పెట్టాలో తేలక మొదట్లో ఒక నల్లటి నీడ బొమ్మ అంటించారు. "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు రాష్ట్రవ్యాప్తంగా మరమ్మతులు నిలిపివేయడమైనది" అని జీవో వచ్చింది. మరమ్మతుల నిధులన్నీ హోర్డింగులకు మళ్ళాయి. ముందస్తు ఫలితాల నియమం ఎంతో బావుందని దాన్ని సర్వేలు చేసేవాళ్ళకూ, ఇంటెలిజెన్స్ వాళ్ళకూ వర్తింపజేశారు. జనం ఏమనుకుంటున్నారో కనుక్కోవడానికి వెళ్ళేవాళ్ళు, జనం ఏమనుకుంటున్నారో ముందే రాసిచ్చి వెళ్ళసాగారు. అన్ని నివేదికలూ ఒకే మాట చెప్పేసరికి ప్రభుత్వానికి ధైర్యం వచ్చి, గడువుకు ముందే ఎన్నికలు పెడుతున్నట్టు ప్రకటించింది.

ఆ వారమే పెద్దాసుపత్రిలో ఉన్న నాలుగు డయాలసిస్ మిషన్లలో రెండు ఆగిపోయాయి. తర్వాత మూడోది. నాలుగోది ఆగిన పొద్దున మార్కండేయులు సత్యవేణిని నడిపించుకుని వచ్చేసరికి టెక్నీషియన్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు.

"చిన్న పార్టు సార్, తెచ్చి బిగిస్తే గంట పని. కానీ రిపేర్లు చెయ్యకూడదని జీవో వచ్చింది. ఏదో ఆఫీసువాళ్ళు ఫారిన్ వెళ్ళొచ్చి రిపోర్టిచ్చారంట. రిపేరు చేస్తే దేశం పాడైపోద్దంట సార్."

సత్యవేణి భర్త ముఖం చూసింది. ఆవిడకు ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. "పదండి, ఇంకెక్కడ ఉందో కనుక్కుందాం" అంది. ఆ మాటలో కోపం లేకపోవడం ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

మిషన్లు మంగళకోటలో ఉన్నాయి. అక్కడి చిన్న ఆసుపత్రిలో కొత్తగా వచ్చినవి రెండు, ఇంకా పాడవలేదు. వారానికి మూడుసార్లు మొదటి బస్సు పట్టుకుని వెళ్ళడం, చీకటి పడ్డాక రావడం. సత్యవేణి కాళ్ళు వాచిపోయేవి. పక్క మంచం మీద ఇడ్లీబండి నడుపుకునే అప్పలనరసమ్మ ఉండేది. ఇద్దరూ వదినా వదినా అనుకునేవాళ్ళు. అప్పలనరసమ్మ తన ఫ్లాస్కులోంచి పోసే కాస్త టీ కోసమే ఆ ప్రయాణాన్ని ఓర్చుకుంటున్నానని సత్యవేణి అనేది.

మార్కండేయులు డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళాడు. "సార్, నన్ను మంగళకోటకు బదిలీ చేయండి."

"కుదరదయ్యా. అది శిక్ష పడినవాళ్ళను పంపే స్థానంగా గుర్తించాం. కోరుకున్నవాళ్ళకిస్తే దాని ప్రయోజనం దెబ్బతింటుంది. మీ సర్వీసులో మచ్చ లేదు."

"మచ్చ పడాలంటే ఏం చెయ్యాలి సార్?"

డైరెక్టర్ గారు జాలిగా చూశారు. "ఆమోదిత ఫలితాలకు విరుద్ధంగా రాతపూర్వకంగా ఏదైనా సమర్పిస్తే సరిపోతుంది. కానీ మీరు అలాంటివారు కారు."

మార్కండేయులు బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి తాను చూసింది రాశాడు. ఆ ప్రభుత్వం ఓడిపోయిందనీ, గెలుపేమీ వాయిదా పడలేదనీ, బస్సు షెల్టరు పైకప్పు కారిందనీ, నోరు మూసుకుని వరసలో నిలబడ్డవాళ్ళది ప్రేమ కాదనీ, ఏడో ఫలితం తాను ఫ్యాను తిరగక ఒళ్ళుమండి రాసిందనీ రాశాడు. రాస్తుంటే చెయ్యి తేలికైపోయింది. ఇంత సుఖమైన నేరం ఇంకోటి లేదనిపించింది. పంపించేసి, మంగళకోటలో చిన్న ఇల్లు చూడమని అప్పలనరసమ్మకు కబురు చేశాడు.

ఆ కాగితం మీద సముచిత చర్య తీసుకునేలోపల ఓట్ల లెక్కింపు వచ్చేసింది. మూడుసార్లు గెలిచిన ప్రభుత్వం మధ్యాహ్నానికల్లా మూట సర్దుకుంది. ఓడిపోయిన పెద్దలు "మాకెవరూ చెప్పలేదే" అని నిజంగానే కంటనీరు పెట్టుకున్నారట. వాళ్ళను చూసి జాలిపడే తీరిక ఎవరికీ లేకపోయింది.

మర్నాడు డైరెక్టర్ గారి గదిలో గోడమీద ముఖ్యమంత్రి పటం మారింది. కింద కుర్చీలో డైరెక్టర్ గారు మారలేదు. మార్కండేయులు శిక్ష కోసం ఆశగా వెళ్ళి నిలబడ్డాడు. ఆయన లేచి వచ్చి భుజం తట్టారు.

"మన సంస్థ గత ప్రభుత్వాన్ని ముందుగానే రాతపూర్వకంగా హెచ్చరించిందని కొత్తవారికి సవినయంగా మనవి చేశాను. వారు మిక్కిలి సంతోషించారు. మిమ్మల్ని జాయింట్ డైరెక్టర్‌ను చేశారు. మీ సేవలు అనివార్యం కాబట్టి ప్రధాన కార్యాలయం విడిచి వెళ్ళడానికి వీల్లేదు."

మార్కండేయులు వదల్లేదు. "పోనీ సార్, ఆ మరమ్మతుల జీవో అయినా రద్దు చేయించండి."

"అధ్యయనంతో వచ్చిన జీవో అధ్యయనంతోనే పోవాలి. మరమ్మతులు మంచివని ఏదైనా దేశంలో తేలాలి. నేనింకా పోర్చుగల్ చూడలేదు."

"దానికి మళ్ళీ నాలుగేళ్ళు పడుతుంది సార్. ప్రాథమిక దశ ఇక్కడే చేద్దాం. పెద్దాసుపత్రి. ఒక్క వీధే కదా, ప్రయాణ భత్యం కూడా అక్కర్లేదు."

డైరెక్టర్ గారు ముఖం చిట్లించారు గానీ కొత్త ప్రభుత్వం పొదుపు పొదుపని పాట పాడుతోంది. సరేనన్నారు. మార్కండేయులు ముందస్తు ఫలితం ఒకే ఒక్క వాక్యం రాసిచ్చాడు: "పెద్దాసుపత్రి డయాలసిస్ విభాగంలో నాలుగు మిషన్లును పనిచేయుచున్నవి." కొత్త ఉత్సాహంలో ఉన్న మంత్రివర్గం వారంలో ఆమోదించింది.

ఇక చూడాలి పరుగులు. మంత్రివర్గం ఆమోదించాక నిజం దానికి తేడాగా ఉంటే ఎవరి ఉద్యోగం పోతుందో ఎవరికీ తెలియదు. జీవో ప్రకారం బాగుచేయడానికి వీల్లేదు, ఆమోదం ప్రకారం పనిచేయకపోవడానికి వీల్లేదు. ఆసుపత్రి సూపరింటెండెంట్ కలెక్టరుకు రాశాడు, కలెక్టరు ఆరోగ్యశాఖకు ఫోన్ చేశాడు. పరిశీలన రోజుకు నాలుగు మిషన్లు తళతళలాడుతూ పనిచేస్తున్నాయి. మార్కండేయులు సత్యవేణిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పడుకోబెట్టాడు. టెక్నీషియన్ సూది గుచ్చాడు, మిషన్ సన్నగా రొద పెట్టింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. జీవితంలో తాను రాసిందొకటి మనిషికి పనికొచ్చిందని మురిసిపోయాడు.

అంతలో సత్యవేణి పక్క మంచం వైపు తల తిప్పి, "వదినా! మీరేంటి ఇక్కడ?" అంది.

పక్క మంచం మీద అప్పలనరసమ్మ ఉంది. మూడు గంటలు బస్సులో నిలబడి వచ్చిన ముఖం పీక్కుపోయి ఉంది.

"ఏటి సెప్మంటావు వదినా. మా మిసన్లు రెండూ లారీ మీదెక్కించీసి ఇక్కడికి తెచ్చీసినారు. అటేపు ఏదో ఊరినుంచి ఇంకో రెండు తెచ్చినారంట. ఇక్కడ నాలుగున్నాయని ఎవరో సారు రాసీసినాడంట. రాసీసినాడు గాబట్టి ఉండాలంట" అంది. అని, పక్కన నిలబడ్డ మార్కండేయులును చూసి, "బాగున్నారా అన్నగారూ" అని నవ్వింది. "మీకోసరం ఇల్లు సూసినాను. ఇంక మీకక్కర్నేదేమో."

మార్కండేయులు తల ఎత్తలేకపోయాడు. సత్యవేణి ఆయన్నే చూస్తోంది. "నా పని అయ్యేదాకా ఇక్కడ నిలబడి ఏం చేస్తారు? వెళ్ళి రాసుకోండి" అంది.

ఆయన వీధి దాటి ఆఫీసుకెళ్ళి కాగితం తీశాడు. "మంగళకోట ఆసుపత్రిలో రెండు మిషన్లును పనిచేయుచున్నవి" అని రాశాడు. ఆ రెండూ ఈసారి ఏ మంచాల పక్కనుంచి లారీ ఎక్కుతాయో తలుచుకుని కొట్టేశాడు. ఇంకో వాక్యం రాశాడు, అదీ కొట్టేశాడు. ఆఖరికి రాసింది పట్టుకుని డైరెక్టర్ గారి గదికి వెళ్ళాడు.

డైరెక్టర్ గారు పైకి చదివారు. "రాష్ట్రంలోని అన్ని ఆసుపత్రులలోను, ఒకేరోజు, ఒకే గంటకు, అన్ని మిషన్లును పనిచేయుచున్నవి." కళ్ళజోడు తీశారు. "ఒకే గంటకా? అంటే ఇక్కడివి అక్కడికి సర్దుబాటు చేసే వెసులుబాటు లేకుండా చేస్తున్నారన్నమాట. అయినా అన్ని ఊళ్ళలో ఒకే గంటకు మనం ఎలా పరిశీలించగలం? మన దగ్గర ఉన్నది మీరూ నేనూ."

"మనం చూడక్కర్లేదు సార్. ఆ మంచాల మీద పడుకున్నవాళ్ళు చూస్తారు. వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు చూస్తారు. నివేదిక వాళ్ళే ఇస్తారు."

"ఎప్పుడు?"

"వచ్చే ఎన్నికల్లో సార్. అక్కడ మనం చూసొచ్చాం కదా, బడి ముందు వరస."

డైరెక్టర్ గారు గోడమీది కొత్త పటం వైపు చూశారు. తగిలించి నెలైనా కాలేదు, ఇంకా వార్నిష్ వాసన పోలేదు.

"వాళ్ళిచ్చే నివేదికకు ముందస్తు ఆమోదం ఎవరు తీసుకుంటారు?" అన్నారు నెమ్మదిగా.

మార్కండేయులు సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు. డైరెక్టర్ గారు పెన్ను మూత తీసి, సంతకం పెట్టారు.